అమెరికా జానపదగాయకుల యన్వేషణము

ఒక గాయకుఁడు క్రొత్తగాఁ గనుఁగొనఁబడెనని పత్రికలు ప్రకటించునప్పు డా మాటకు సరియైన యర్థమేమో విచారింపవలసియున్నది. పాతికయేండ్లుగాఁ దన యూరివారి పెండ్లిండ్లలోను, బ్రార్థనామందిరములలోను, నాట్యసభలలోను బాడుచున్నవానిని ఆ యూరివా రెఱుఁగకపోలేదు. ఎఱుఁగనివాఁడు పొరుగువాఁడు, కనుఁగొనినవాఁడు నాతఁడే. ఒక గృహస్థుని యటుకమీఁదనుండి తాళపత్రగ్రంథమును దెచ్చి ముద్రించిన పండితుఁడు దానిని గనుఁగొనెనని మనము చెప్పుకొందుము. ఆ గృహస్థుఁడో, తాతలనాఁటినుండియు దానిని బసుపుకుంకుమలతోఁ బూజించుచునే యుండును. గాయకుని విషయమున నింకొక భేదము గలదు. తాళపత్రము కూలి యడుగదు. గాయకునకుఁ గుటుంబ ముండును, అప్పు లుండును, తన పాట యెవరిచేతఁ బడినదో తెలిసికొను హక్కుండును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో గడచిన నూఱేండ్లలో జానపదగాయకుల నన్వేషించినవారి చరిత్రమును ఈ దృష్టితోఁ బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము. నేఁ డచటి క్రొత్తగాయకులను వెదకి వినఁగోరువారికిఁగూడ నిది యుపయోగించునని తలఁచుచున్నాను.

ముందుగా రెండు పేర్లను గూర్చి చెప్పవలెను. "ఫోక్" అనఁగా కర్త యెవరో తెలియక నోటినుండి నోటికి వచ్చిన పాట యని మొదటి యర్థము. కాలక్రమమున నా ఫణితిలోఁ గ్రొత్తగాఁ గట్టఁబడిన పాటలకును ఆ పేరే చెల్లినది. "అమెరికానా" యను పేరు మిక్కిలి యర్వాచీనము. 1995 సం॥ జనవరిలో గావిన్ అను రేడియో వర్తకపత్రిక యీ పేరుతో నొక పట్టికను బ్రకటింప మొదలిడెను. 1999లో నీ పేర నొక సంగీతసంఘ మేర్పడెను. 2010 నుండి గ్రామీ బహుమానములలో దీనికిఁ బ్రత్యేకస్థానము గలిగెను. కొండప్రాంతపు ఫిడేలు బాణీలు, ఆఫ్రికను సంతతివారి బ్లూస్, కంట్రీ, భక్తిగీతములు, ఇవన్నియుఁ గలసిన గాన మిది. పేరు వర్తకులు పెట్టినదే యైనను దానివలనఁ గీడు లేదు. ఏ యింటను నిముడని గాయకులకు నొక పంచ దొరకినది. వీరిలోఁ బెద్ద రికార్డు కంపెనీలతో నొడంబడిక లేక, స్వంతవ్యయముతోఁగాని చిన్నకంపెనీల మూలముగాఁగాని పాటలు వెలువరించువారిని స్వతంత్రగాయకు లందురు.

అన్వేషణచరిత్రములోఁ బ్రసిద్ధమైన ఘట్టము బ్రిస్టల్ పట్టణమున జరిగినది. ఈ పట్టణము టెనెస్సీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దుపై నున్నది. పెద్దవీథి నడిమిగీఁటే రెండు రాష్ట్రములకు నెల్ల. 1927 సం॥ జూలై 25వ తేదీ మొదలు ఆగష్టు 5వ తేదీ వఱకు విక్టర్ కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్ అనునతఁ డా వీథిలో నొక టోపీల కంపెనీవారి భవనమున యంత్రములు నిలిపి పాటలను రికార్డు చేసెను. మొదటి దినములలోఁ బాడినవా రాతఁడు ముందుగా నేర్పఱచుకొన్నవారే. అంతలో నెర్నెస్ట్ స్టోన్మన్ అను గాయకుఁడు రికార్డులవలన వెనుకటి సంవత్సరమునఁ 3,600 డాలర్లు గడించెనని స్థానికపత్రిక యొకటి ప్రకటించెను. కొండపల్లెలలో నంత సొమ్ము కన్నవా రరుదు. ఆ వార్త చదివినవారు ఫిడేళ్లను బాంజోలను జంకఁబెట్టుకొని బయలుదేఱిరి; పీర్ రాత్రులందును బని చేయవలసివచ్చెను. మొత్తము 19 బృందములు 76 పాటలు పాడెను. కావున నీ గాయకులను బీర్ కనుఁగొనె ననుటకంటె, పత్రికావార్తను జూచి వారే పీర్‌ను గనుఁగొని రనుట సత్యమునకు దగ్గఱ.

అట్లు వచ్చినవారిలో నాల్విన్ కార్టర్ కుటుంబ మొకటి. ఆయన భార్య సారా. తమ్ముని భార్య మేబెల్, అప్పుడు గర్భవతి. వర్జీనియాలోని మేసెస్ స్ప్రింగ్ నుండి సుమారు పాతిక మైళ్లు చెడుదారిని కారులో వచ్చి, ఆగష్టు 1, 2 తేదీలలో నాఱు పాటలు పాడిరి. 4వ తేదీని జిమ్మీ రాడ్జర్స్ పాడెను. కంట్రీ గానమునకు మూలపురుషులని పిదపఁ జెప్పఁబడినవా రిట్లు నాలుగు దినముల వ్యవధిలో నొకే గదిలోఁ జిక్కిరి. మేబెల్ బొటనవ్రేలితో మంద్రతంత్రులపై బాణీని బలికించుచుఁ దక్కిన వ్రేళ్లతో లయను నడిపెడి రీతిని గిటారు నేర్చినవారు నేఁటికిని లెక్కకు మిక్కిలిగా నున్నారు.

ఇచట ధనవిషయము కొంచెము వివరింపవలసియున్నది. తరువాతి కథ యంతయు దానిపై నాధారపడినది. పీర్ పాట కేఁబది డాలర్లు గాయకులకిచ్చెడివాఁడు. తనకు మాత్రము కంపెనీనుండి చెప్పఁదగిన జీతము తీసికొనక, పాటల ప్రచురణహక్కును దా నుంచుకొనెను. కర్త తెలియని పాతపాటకు హక్కు లేదు; క్రొత్తపాటకుఁగాని, క్రొత్తగా దిద్దఁబడిన పాతపాటకుఁగాని కలదు. అందుచేఁ బీర్‌కు గావలసినది పాతదానివలె వినఁబడు క్రొత్తపాట. దీనివలనఁ గార్టరునకు నిరంతరము పాటలు సమకూర్చుకొనవలసిన యగత్యము గలిగెను. ఆయన పల్లెపల్లెకుఁ దిరిగి పాటలు సేకరించి, వానిని సవరించి, తన పేర నమోదు చేయించుచుండెను.

ఆ తిరుగుడులో నాయనకుఁ దోడు లెస్లీ రిడిల్ అను నాఫ్రికను సంతతి గాయకుఁడు. ఈయన యొక సిమెంటు కర్మాగారమున నపాయము సంభవించి కాలు గోలుపోయినవాఁడు. టెనెస్సీలోని కింగ్స్‌పోర్ట్ నివాసి. గిటారు వాదనమున నేర్పరి. 1928 ప్రాంతమునఁ గార్టరునకుఁ బరిచితుఁ డయ్యెను. ఇద్దఱు నిండ్లకుఁ బోవునప్పుడు కార్టర్ మాటలను గాగితముపై వ్రాసికొనెడివాఁడు. రిడిల్ బాణీని మనసున నిలుపుకొని తిరిగివచ్చి మేబెలునకు వాయించి చూపెడివాఁడు. ఒక విధముగా నాతఁడే ఆ కుటుంబమునకు రికార్డు యంత్రము. రికార్డులపై నాతని పేరు లేదు. 1965లో మైక్ సీగర్ అను సంగీతజ్ఞుఁడు మేబెల్ వలన నాతని సంగతి విని, న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరులో నాతనిని వెదకి పట్టుకొని పాటలు రికార్డు చేసెను. ఒక యన్వేషకుని వెనుక నింకొక యన్వేషకుఁడు, వాని వెనుక మఱియొకఁడు నుందు రనుట కింతకంటె మంచి నిదర్శనము నాకుఁ దోఁపదు.

వర్తకమునకు సంబంధములేని యన్వేషణము వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున 1928లో నారంభమయ్యెను. ఆ సంవత్సరమే యచట నమెరికా జానపదగేయ భాండాగార మేర్పడినది. జాన్ లోమాక్స్, ఆయన కుమారుఁడు ఆలన్ 1933 సం॥ వేసవిలో 315 పౌనుల బరువుగల యంత్రమును గారులో నెక్కించుకొని దక్షిణరాష్ట్రముల చెఱసాలలు తిరిగిరి. బయటి రేడియోపాటలు చొరని చోటఁ బాతపాట చెడక యుండునని వారి యూహ. లూసియానాలోని యంగోలా చెఱసాలలో వారికి హడ్డీ లెడ్‌బెటర్ కానవచ్చెను. లెడ్‌బెల్లీ యని లోకము పిలుచునది యీతనినే. విడుదలయైన పిదప నాతఁడు లోమాక్స్‌తోఁ బట్టణములకు వచ్చి పాడెను. 1935లో దీయఁబడిన యొక వార్తాచిత్రములో నాతనికి మఱల ఖైదీ దుస్తులు తొడిగి, విడుదలకథ నాతనిచేతనే యభినయింపఁజేసిరి. జనులకుఁ బాటకంటెఁ జెఱసాల కథ రుచించునని చిత్రము తీసినవారు గ్రహించిరి కాఁబోలు. సొమ్మువిషయమున దగవు పుట్టి ఆ సంవత్సరమే లోమాక్స్‌తో విడిపోయెను. 1949 డిసెంబరులో నాతఁడు మరణించెను. 1950లో "గుడ్‌నైట్ ఐరీన్" అను నాతని పాటను వీవర్స్ అను బృందము పాడఁగా నది దేశమంతటను బ్రథమస్థానము నందెను.

పాతరికార్డులే యాధారముగా గాయకుని వెదకిన కథలలో మిసిసిపీ జాన్ హర్ట్ కథ పరిశోధకులకు మిక్కిలి ప్రీతికరముగా నుండును. ఈయన 1928లో ఓకే కంపెనీకిఁ గొన్ని పాటలు పాడి, అవి విశేషముగా నమ్ముడుపోకపోవుటచేత, స్వగ్రామమునకు మరలి వ్యవసాయపు పనులలో నుండెను. 1952లో హ్యారీ స్మిత్ అను సేకర్త పాతరికార్డులలోనుండి 84 పాటల నేఱి యొక సంకలనముగాఁ బ్రకటించెను. దానిలో హర్ట్ పాటలు రెండు. ఆ సంకలనము విన్న యువకు లీ గాయకులందఱుఁ గీర్తిశేషులని తలఁచిరి. హర్ట్ 1928లోఁ బాడిన వేఱొక పాటలో అవలాన్ తన స్వగ్రామ మని చెప్పికొనియుండెను. ఆ కాలపుఁ బటములలో నా యూరు లేదు. 1963లో టామ్ హాస్కిన్స్ అను యువకుఁడు పందొమ్మిదవ శతాబ్దపుఁ బటముల గ్రంథమును దిరుగవేయఁగా గ్రెనాడా, గ్రీన్‌వుడ్ అను పట్టణములకు నడుమ నవలాన్ కనఁబడెను. అచటికిఁ బోయి యడుగఁగా జాన్ హర్ట్ ఇల్లు చూపిరి. ప్రభుత్వపు గూఢచారి వచ్చెనని హర్ట్ మొదట భయపడెనని చెప్పుదురు. దక్షిణరాష్ట్రములలో నా సంవత్సరమున నొక తెల్లవాఁడు నల్లవాని వాకిట నిలిచి పేరడిగిన నట్టి భయము సహజమే. ముప్పదియైదేండ్లు గడచినను నాతని వ్రేళ్లలోని మార్దవము చెడలేదు. ఆ వేసవిలోనే న్యూపోర్టు ఉత్సవమునఁ బాడి, మూఁడేండ్లు కీర్తి ననుభవించి, 1966లో మరణించెను. శాసనములోని గ్రామనామమును బట్టి కవికాలమును నిర్ణయించు మార్గమే యిది. శాసనకర్త బ్రదికియుండుట మాత్రము విశేషము.

అన్వేషకుని రుచి గాయకుని రూపమును మార్చుటయుఁ గలదు. 1960లో రాల్ఫ్ రిన్జ్లర్ అను నతఁడు క్లారెన్స్ ఆష్లీ యను పాతగాయకుని రికార్డు చేయఁగోరి టెనెస్సీకిఁ బోయెను. ఆష్లీ తోడ్కొనివచ్చిన బృందములో డాక్ వాట్సన్ అను నంధుఁడు విద్యుద్గిటారు పట్టి వచ్చెను. నాట్యసభలలో వాయించి బ్రదుకువాఁ డగుటచేత నాతనికి నదియే యుచితవాద్యము. రిన్జ్లర్‌కు విద్యుద్గిటారు జానపదముగాఁ దోఁపలేదు, అది వలదనెను. పిదప నొక ట్రక్కులోఁ బయనించుచుండఁగా వాట్సన్ బాంజో నందుకొని వాయించుట విని, తాను వెదకి వచ్చినదానికంటె గొప్పది దొరకినదని గ్రహించెను. వాట్సన్ మామూలు గిటారుతోనే జగత్ప్రసిద్ధుఁ డయ్యెను. ఫలము మంచిదే, కాదనను. కాని యా ప్రాంతపు జనులు శనివారపు రాత్రులందు నిజముగా నే వాద్యము విని నాట్యమాడుచుండిరో యా సంగతి మఱుగుపడినది. నేఁటి క్రొత్తగాయకులను వినునప్పుడును మన మిట్టి తీర్పులే చేయుచుందుము. చొక్కా, టోపీ, పాతగిటారు చూచి "ఇది యసలైనది" అందుము.

ఎలిజబెత్ కాటెన్ కథలో నన్వేషకు లెక్కడికిని బోలేదు. ఈమె యుత్తర కరొలైనాలో బాల్యమునఁ దన యన్న బాంజోను రహస్యముగాఁ దీసికొని నేర్చినది. ఎడమచేతివాటము గలది గనుక వాద్యమును దలక్రిందుగాఁ బట్టి వాయించెడిది. పండ్రెండేండ్లలోపుననే "ఫ్రెయిట్ ట్రెయిన్" అను పాటను గట్టినది. పెండ్లి యైన పిదప వాద్యమును విడిచినది. చాలకాలమునకు వాషింగ్టనులో నొక దుకాణమునఁ బనిచేయుచుండఁగాఁ దప్పిపోయిన బాలిక నొకతెను దల్లికప్పగించినది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, సంగీతకర్త్రి. ఆ యింటనే కాటెన్ వంటపని, యింటిపని చేయుచుఁ గుదిరినది. ఇంటిల్లపాదియు జానపదగేయములను సేకరించి, వ్రాసి, ప్రకటించుచుండఁగా నీమె వారికి రొట్టె కాల్చి పెట్టుచుండెను. ఒకనాఁడు గోడకు వ్రేలాడు గిటారు నందుకొని వాయించుట పిల్లలు వినిరి. ఆ యింటి మైక్ సీగరే 1957 నుండి యీమె పాటలు రికార్డు చేసెను. మఱుసటి యేఁట ఫోక్‌వేస్ కంపెనీ ప్రకటించెను. ఇంతలో ఫ్రెయిట్ ట్రెయిన్ పాట పెగ్గీ సీగర్ నోట నింగ్లండునకుఁ జేరఁగా నచట నన్యులు తమ పేర హక్కు నమోదు చేయించుకొని 1957లో రికార్డు వెలువరించిరి. వివాదము జరిగినపిమ్మట గాని కాటెన్‌కుఁ దన పాటపైఁ గొంతభాగమైన దక్కలేదు. 1985లో గ్రామీ బహుమాన మందినప్పటి కామెకుఁ దొంబదియేండ్లు దాటినవి.

ఇట్టి యనుభవములవలననే తమ పాటకుఁ దామే యజమానులు కావలెనను బుద్ధి గాయకులకుఁ గలిగినది. జాన్ ప్రైన్ షికాగో పొరుగున మేవుడ్ అను నూరిలోఁ దపాలా జవాను. సంచి మోయుచుఁ బాటలు గట్టెడివాఁడు. 1970లో సినిమా విమర్శకుఁడు రాజర్ ఈబర్ట్ ఒక చిత్రము నచ్చక, వేఁపిన మొక్కజొన్నలలో నుప్పెక్కువై దాహము గొని, యొక పానశాలలోఁ బ్రవేశించి ప్రైన్ పాట విని, సినిమాకు మాఱుగా నాతనిని గూర్చి పత్రికలో వ్రాసెను. పెద్దకంపెనీలతోఁ బదియేండ్లు గడపిన పిమ్మట ప్రైన్ 1981లో ఓ బాయ్ అను స్వంతకంపెనీని స్థాపించెను. 2020లో నాతఁడు కోవిడ్ వ్యాధిచే మరణించినాఁడు గాని, యా కంపెనీ కెల్సీ వాల్డన్, ట్రే బర్ట్ మున్నగు తరువాతి గాయకులను లోకమునకుఁ బరిచయము చేసినది. గిలియన్ వెల్చ్, డేవిడ్ రాలింగ్స్ అను జోడుగాయకుల అకోనీ కంపెనీయు నీ త్రోవలోనిదే.

ఇఁక నేఁటి స్థితి. ఇంటర్నెట్టువలన నెవఁడైనను దన పాటను లోకమునకు వినిపింపవచ్చును. ఇది సత్యమే. 2023 సం॥ ఆగష్టులో వర్జీనియాలోని ఫార్మ్‌విల్ ప్రాంతపు ఆలివర్ ఆంథనీ చెట్లనడుమ నిలిచి పాడిన యొక్క వీడియో కొలఁది దినములలోనే దేశపు బిల్‌బోర్డు పట్టికలోఁ బ్రథమస్థానమున కెక్కినది. అంతకుముం దాతని పేరే పట్టికలోను లేదు. కాని యట్టివాఁ డొక్కఁడు. స్పాటిఫై సంస్థ 2024 మొదలు పండ్రెండు నెలలలో వేయిమాఱులైన వినఁబడని పాటకు రికార్డుసొమ్ము చెల్లించుట మానినది. అనఁగా మన మన్వేషింపఁదగిన గాయకుఁడే యా లెక్కలో లేనివాఁడు. యంత్రము మనకు సూచించు పాట మన మిదివఱకు విన్నదానిని బోలియుండును. రిన్జ్లర్ విద్యుద్గిటారును వలదన్నట్లే యదియు వలదనుచుండును, కాని ట్రక్కులో నెక్కి బాంజో వినదు.

కావున వెదకువారు మనుష్యులు కూడు చోట్లను బట్టుకొనుట మేలు. 1989లో నేర్పడిన ఫోక్ అలయన్స్ వారి వార్షికసభలలోఁ బగటి సభలకంటె రాత్రులు ముఖ్యము: హోటలు గదులలో మంచముల నొకమూలకుఁ ద్రోసి, పదిమంది శ్రోతల యెదుట, తెల్లవాఱువఱకుఁ బాడుదురు. వర్జీనియాలోని గేలక్సులో 1935 నుండి జరుగుచున్న ఫిడేలు సమావేశమునను వేదికకంటెఁ గార్లు నిలుపు మైదానమే రసవంతమని యెఱిఁగినవారు చెప్పుదురు. దూరమున నున్న మనకు నేషనల్ పబ్లిక్ రేడియోవారి చిన్నబల్ల కచ్చేరీలు గలవు. ఒక సంగీతోత్సవమున జనుల గోలలో లారా గిబ్సన్ పాట వినఁబడకపోఁగా, మా కార్యాలయమునకు వచ్చి పాడుమని పిలుచుటతో 2008లో నివి యారంభమైనవి. వారి 2016వ సంవత్సరపుఁ బోటీలో నాఱువేలకుఁ బైగా వచ్చిన పాటలలోనుండి మిన్నెసోటాలోని డలూత్ పట్టణపు ఫిడేలు ఉపాధ్యాయిని గేలిన్ లీ యెన్నుకొనఁబడెను. ఎముకలు పెళుసగు వ్యాధితోఁ బుట్టిన యామె ఫిడేలును నిలువునఁ బట్టి వాయించును. నచ్చిన గాయకుని బాండ్‌క్యాంప్ వంటిచోట వెలయిచ్చి కొనుట యుత్తమము. పాటల వెలలో నచటివారు సాధారణముగాఁ బుచ్చుకొనునది నూటికి 15 వంతులు. అట్టమీఁద ఫిడే లెవరు, బాంజో యెవరు, పాట యెవరియొద్ద నేర్చినది యని వ్రాసియుండును. ఆ చిన్నయక్షరములను విడువక చదివి, ఆ పేర్లవెంటఁ బోయినచో నొక గాయకునినుండి పదుగురు దొరకుదురు. 1948లో మోజెస్ యాష్ స్థాపించిన ఫోక్‌వేస్ కంపెనీని 1987లో స్మిత్‌సోనియన్ సంస్థ స్వీకరించినప్పుడు, రెండువేలకు మించిన రికార్డులలో నొక్కటియు నలభ్యము కారాదను నియమ మంగీకరించినది. కావునఁ బాతతీగలు తెగలేదు.

ఈ పేర్లవెంటఁ బోవుట యెట్టిదో యొక్క యుదాహరణము. 2005 ఏప్రిలులో నుత్తర కరొలైనాలోని బూన్ పట్టణమున నాఫ్రికను సంతతి బాంజోవాదకుల సమావేశము జరిగెను. బాంజో యాఫ్రికానుండి వచ్చిన వాద్యమే యైనను, నాఁటికది తెల్లవారి వాద్యమని సామాన్యజనుల భ్రమ. అచటఁ గలసికొన్న రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అను మువ్వురు యువజనులు మెబేన్ అను నూరిలోని జో థాంప్సన్ ఇంటికి వారమువారము పోయి కూర్చుండ మొదలిడిరి. ఆయన 1918లోఁ బుట్టినవాఁడు. కర్మాగారమునఁ గుర్చీలు బల్లలు చేయు పనిలో బ్రదికినవాఁడు. తండ్రివలన వచ్చిన ఫిడేలు బాణీలను విడువనివాఁడు. బాంజో వాయించెడి జ్ఞాతి ఓడెల్ 1994లో గతించుటచే నొంటిగా మిగిలియుండెను. ఆయన నోట జెప్పెడివాఁడు కాఁడు. వాయించెడివాఁడు, వీరు వెంట వాయించెడివారు. ఈ మువ్వురు కరొలైనా చాక్లెట్ డ్రాప్స్ అను బృందముగా నేర్పడి 2011లో గ్రామీ బహుమాన మందిరి. గిడెన్స్ మైకేల్ ఏబెల్స్‌తోఁ గలసి రచించిన గేయనాటకమునకు 2023లోఁ బులిట్జర్ బహుమానము వచ్చెను. థాంప్సన్ 2012లో మరణించెను. తాము సభలలో వాయించు బాణీ జో థాంప్సన్ యొద్ద నేర్చినదని పేరు చెప్పిన పిదపనే యా బృందమువారు దానిని మొదలిడెడివారు.